జుర్మానా రసీదు కూడా సాక్ష్యమే

పోడు, అంటే అడవిలో సాగు చేసుకునే భూమి పట్టా కోసం పెట్టిన దరఖాస్తు తిప్పికొట్టారని ఎవరైనా వస్తే నేను అడిగే మొదటి ప్రశ్న, "ఫారెస్టోళ్లు మీ మీద ఎప్పుడన్నా కేసు పెట్టిండ్రా, జుర్మానా ఏమన్నా కట్టిండ్రా?" అని. అడగ్గానే మొహాలు మారిపోతాయి. కొందరు లేదు లేదని తల అడ్డంగా ఊపుతారు, కొందరు పక్కన నిలబడ్డ కొడుకు వైపు చూస్తారు. కేసు ఉందని ఒప్పుకుంటే వచ్చే పట్టా కూడా రాకుండా పోతుందని వాళ్ల భయం. అసలు సంగతి పూర్తిగా వేరు. అటవీ హక్కుల చట్టం గడువుగా పెట్టిన 2005 డిసెంబర్ 13 కంటే ముందు ఆ భూమిలో దున్నుతున్నందుకు అటవీ శాఖ పెట్టిన కేసు కాగితం దొరికిందంటే దాన్ని మించిన సాక్ష్యం ఇంకోటి లేదు. ఫలానా మనిషి, అడవిలో ఫలానా కంపార్ట్‌మెంట్‌లో (అటవీ శాఖ నంబరు వేసి విడగొట్టిన ముక్కలో), ఫలానా తేదీన సాగు చేస్తూ కనిపించాడని సర్కారే రాసి, సంతకం పెట్టి, ముద్ర కొట్టి ఇచ్చిన కాగితం అది.

నేను హనుమకొండలో ప్రాక్టీస్ చేస్తాను. ములుగు, తాడ్వాయి, ఏటూరునాగారం వైపు నుంచి వచ్చే పోడు ఫైళ్లు చూస్తుంటాను. ఆ మధ్య తాడ్వాయి వైపు నుంచి ఒక కోయ పెద్దాయన మనవడితో కలిసి వచ్చాడు. యూరియా బస్తా లోపల ఉండే ప్లాస్టిక్ కవరును మడిచి సంచిలా చేసుకుని, అందులో ఆధార్, రేషన్ కార్డు, ఓటరు చీటీలు పెట్టుకొచ్చాడు. అన్నీ టేబుల్ మీద పరిచాక కూడా కవరు అడుగున ఇంకో కాగితం కనిపిస్తోంది. అడిగితే ఇవ్వడానికి ఇష్టపడలేదు. "అది కేసు కాయితం బిడ్డా, అది సూపెడితె ఉన్నది సుత గుంజుకుంటరు" అన్నాడు. నచ్చజెప్పి తీసుకుని చూశాను. నాలుగు మడతలు, మడతల దగ్గర చిరిగిపోయింది, కార్బన్ రాత సగం చెరిగిపోయింది. ఇంటి పేరు తప్పుగా రాశారు గానీ తండ్రి పేరు, ఊరు, కంపార్ట్‌మెంట్ నంబరు మాత్రం స్పష్టంగా ఉన్నాయి. రిజర్వు ఫారెస్టులో పొదలు కొట్టి దున్నినందుకు కట్టిన జుర్మానా రసీదు, తేదీ 1996. పట్టా కోసం పెట్టిన దరఖాస్తును "ఆధారాలు లేవు" అంటూ పక్కన పెట్టిన ఫైలు నా చేతిలో ఉంది, ఆధారం ఆయన కవరు అడుగున అన్నేళ్ల నుంచీ ఉంది, దాన్ని ఆయనే దాచుకున్నాడు, ఎందుకంటే ఆ కాగితాన్ని ఆయన చేతిలో పెట్టినప్పుడు చెప్పింది నువ్వు దొంగవని.

అప్పట్నుంచీ ఈ విషయం విడిగా రాయాలనుకుంటున్నా.

అటవీ హక్కుల చట్టం 2006 డిసెంబర్‌లో పార్లమెంటులో పాసైంది, 2008 జనవరి 1న రూల్స్ వచ్చాయి. ఆ రూల్స్‌లో 13వది సాక్ష్యాల గురించి. అందులో చాలా రకాలు ఉన్నాయి. ఓటరు కార్డు, రేషన్ కార్డు, ఇంటి పన్ను రసీదు లాంటివి సరే, అటవీ శాఖ విచారణ నివేదికలు, ఇతర అటవీ రికార్డులు, కోర్టు తీర్పులు, ఉత్తర్వులు కూడా సాక్ష్యాలే. భూమిలో వేసిన గట్లు, చదును చేసిన మడులు, గుడిసెలు, బావులు, పూర్వీకుల సమాధులు, దేవతల గద్దెలు సాక్ష్యాలే. వంశవృక్షం సాక్ష్యం. చివరికి, దరఖాస్తుదారు కాని ఊరి పెద్దమనిషి నోటితో చెప్పిన మాటను రాసుకున్నా సాక్ష్యమే. వీటిలో ఒకటి కంటే ఎక్కువ ఉండాలి, అంతే. మన దగ్గర ఆఫీసుల్లో ఈ జాబితాను మొత్తం చదివిన వాళ్లు తక్కువ. "రెవెన్యూ కాగితం ఏదన్నా ఉందా?" అంటారు. రిజర్వు ఫారెస్టు అని గీత గీసిన భూమికి రెవెన్యూ కాగితం ఎక్కడి నుంచి వస్తుంది?

ఈ చట్టం పీఠికలో ఒక వాక్యం ఉంది, నాకు ఎప్పుడు చదివినా ఒళ్లు జలదరిస్తుంది. వలస పాలనలోనూ, స్వతంత్రం వచ్చాక కూడా, ప్రభుత్వ అడవుల హద్దులు గీసేటప్పుడు అడవిలో తరతరాలుగా బతుకుతున్న వాళ్ల హక్కులను సరిగ్గా గుర్తించలేదనీ, దానివల్ల వాళ్లకు చారిత్రక అన్యాయం జరిగిందనీ భారత పార్లమెంటు తన సొంత చట్టంలో రాసుకుంది. తెల్లవాడి మీద మాత్రమే తోసెయ్యలేదు, స్వతంత్ర భారతదేశం పేరు కూడా రాసింది. ఆస్ట్రేలియా ప్రధాని అక్కడి ఆదివాసీలకు పార్లమెంటులో క్షమాపణ చెప్పింది 2008 ఫిబ్రవరిలో. పిల్లలను తల్లిదండ్రుల నుంచి లాక్కెళ్లి హాస్టల్ బడుల్లో పెట్టినందుకు కెనడా ప్రధాని క్షమాపణ చెప్పింది అదే ఏడాది జూన్‌లో. వాటి గురించి ప్రపంచమంతా మాట్లాడుకుంది. వాటికంటే ముందే మనం తప్పు ఒప్పుకున్నాం, పైగా ఉపన్యాసంలో కాదు, చట్టంలో. అయినా ఈ సంగతి మన పిల్లల పాఠాల్లో కనిపించదు, పట్టాల పంపిణీ సభల్లో వినిపించదు.

కెనడా అంటే ఇంకో కేసు చెప్పాలి. అక్కడ బ్రిటిష్ కొలంబియాలో గిట్సన్, వెట్సువెటెన్ అనే రెండు ఆదివాసీ సమూహాలు తమ భూమి తమదేనని కోర్టుకెక్కాయి. వాళ్ల దగ్గర దస్తావేజులు లేవు, పెద్దలు చెప్పిన కథలు, పాడిన పాటలు ఉన్నాయి. 1991లో కింది కోర్టు జడ్జి వాటికి పెద్దగా విలువ ఇవ్వలేదు. 1997లో అక్కడి సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసి, రాత లేని సమాజాల నోటి చరిత్రను కూడా రాతపూర్వక పత్రాలతో సమానంగా చూడాలని చెప్పింది. కేసు తేలకుండానే మళ్లీ విచారణకు పంపినా, ఆ మాట మాత్రం నిలబడింది. మన రూల్ 13లో ఊరి పెద్ద మాటకు చోటిచ్చిన ఆలోచన కూడా సరిగ్గా అదే. మన చట్టం ఏమాత్రం తక్కువది కాదు, దాన్ని చేతిలో పట్టుకున్న వాళ్లకు దాని మీద నమ్మకం లేదు, నా బాధ అదే.

అదే 1997లో మన దగ్గర, సమత అనే సంస్థ వేసిన కేసులో సమత తీర్పు వచ్చింది. విశాఖ జిల్లా ఏజెన్సీలో ప్రైవేటు కంపెనీలకు ఇచ్చిన మైనింగ్ లీజుల మీద కేసు అది. 1/70 చట్టం గిరిజనేతర "వ్యక్తి"కి ఏజెన్సీలో భూమి బదిలీ చెయ్యకూడదంటుంది కదా, ఆ వ్యక్తి అనే మాటలోకి ప్రభుత్వం కూడా వస్తుందని, అంటే సర్కారు తన పేరున ఉన్న భూమిని కూడా ప్రైవేటు గిరిజనేతరులకు లీజుకివ్వకూడదని సుప్రీంకోర్టు చెప్పింది.

1/70 అంటే మా ఏటూరునాగారం, మంగపేట వైపు చిన్న పిల్లలకు కూడా తెలుసు. 1959 నాటి భూబదలాయింపు రెగ్యులేషన్‌కు 1970లో చేసిన సవరణ. దాంట్లో అందరూ మాట్లాడుకునేది అమ్మకాల నిషేధం గురించే, నాకు మాత్రం అంతకంటే గొప్పగా కనిపించేది ఇంకోటి ఉంది. ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో భూమి ఉందంటే, అది గిరిజనుడి దగ్గర్నుంచే వచ్చిందని ముందుగానే అనుకోవాలి. కాదని నిరూపించుకోవాల్సిన బరువు గిరిజనేతరుడిదే. ఇది అన్యాయమని వెళ్లిన వాళ్ల వాదనను 1988లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు, సవరణ రాజ్యాంగబద్ధమేనంది. ఎందుకిలా పెట్టారంటే, అప్పు కింద, కల్లు కింద, తెల్లకాగితం మీద వేలిముద్ర వేయించుకుని రాయించుకున్న భూములకు పోగొట్టుకున్నవాడి దగ్గర కాగితం ఉండదు, లాక్కున్నవాడి దగ్గరే ఉంటుంది. కాగితం ఎవరి దగ్గర ఉంటుందో బరువు వాళ్ల మీదే పెట్టాలి. సాదాసీదా న్యాయం.

మరి అడవి సంగతేంటి? అడవి హద్దులు గీసిన మ్యాపులు అటవీ శాఖ దగ్గర ఉన్నాయి. ఏ ఏడాది ఏ బీటులో ఎవరి మీద కేసు రాశారో రిజిస్టర్లు వాళ్ల దగ్గర ఉన్నాయి. జుర్మానాలు వసూలు చేసిన లెక్కలు వాళ్లవే. అయినా "నువ్వు ఇక్కడ 2005 ముందు నుంచి ఉన్నావని నిరూపించుకో" అని అడిగేది మాత్రం యూరియా కవరులో కాగితాలు దాచుకునే మనిషిని. గిరిజనేతర రైతు మీద 1970లోనే పెట్టిన బరువును సర్కారు తన మీద ఇప్పటికీ పెట్టుకోలేదు. ఈ పోస్టు మొత్తం మీద నేను చెప్పదలుచుకున్నది ఇదొక్కటే. పార్లమెంటు అన్యాయం జరిగిందని ఒప్పుకున్నాక, గ్రామసభ కూర్చునే రోజున అటవీ శాఖ తన పాత కేసుల రిజిస్టర్లు తీసుకొచ్చి సభ ముందు పెట్టాలి, పేర్లు గట్టిగా చదవాలి. "మీ తాత మీద 1988లో కేసు రాశాం, అంటే మీరు అప్పటికే ఇక్కడ ఉన్నారు" అని వాళ్ల నోటితో వాళ్లే చెప్పాలి. గ్రామసభకు అడవి మ్యాపులు, రెవెన్యూ మ్యాపులు, ఓటర్ల జాబితాలు అందజెయ్యాల్సిన బాధ్యత సబ్ డివిజన్ కమిటీదేనని రూల్స్‌లో ఇప్పటికే ఉంది. దానికి కేసుల రిజిస్టరు ఒక్కటి కలిపితే చాలు, కొత్త చట్టమేమీ అక్కర్లేదు.

"అడవి మొత్తం పోతుంది" అని కామెంట్లు పెట్టేవాళ్లు ఉంటారని తెలుసు. పులులు, చెట్లు, వానలు నాకూ కావాలి. కానీ ఈ చట్టం కొత్తగా చెట్లు కొట్టుకోమని ఎవరికీ లైసెన్సు ఇవ్వలేదు. 2005 డిసెంబర్ 13 నాటికి చేతిలో ఉన్న సాగును మాత్రమే గుర్తిస్తుంది, అదీ 4 హెక్టార్లకు మించకుండా, అమ్ముకునే వీల్లేకుండా, పెళ్లయిన వాళ్లయితే భార్యాభర్తలిద్దరి పేరునా. గిరిజనులు కానివాళ్లయితే మూడు తరాలు, అంటే 75 ఏళ్లు అక్కడే ఉన్నట్టు చూపించాలి.

కాగితాలు తిరస్కరించే పద్ధతి గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే హక్కు చచ్చిపోయేది అక్కడే. మొదట గ్రామసభ, దాని తరఫున అటవీ హక్కుల కమిటీ, ఆ తర్వాత ఆర్డీఓ స్థాయి సబ్ డివిజన్ కమిటీ, చివరగా కలెక్టర్ అధ్యక్షతన జిల్లా కమిటీ. తిరస్కరిస్తే ఎందుకు తిరస్కరించారో కారణాలు రాయాలి, ఆ మనిషికి స్వయంగా తెలియజెయ్యాలి, అప్పీలుకు 60 రోజులు టైం ఇవ్వాలి. నా దగ్గరికొచ్చే వాళ్లలో చేతిలో తిరస్కరణ కాగితం ఉన్నవాళ్లు అరుదు. "రాలేదన్నరు సార్‌లు" అంటారు, అంతే. ఎప్పుడు రాలేదన్నారు, ఎవరన్నారు, ఎందుకన్నారు, ఏదీ ఉండదు. కాగితం లేకపోతే 60 రోజులు ఎప్పట్నుంచి లెక్కపెట్టాలి? ఇంకొన్ని ఫైళ్లలో శాటిలైట్ బొమ్మలో సాగు కనపడలేదని రాస్తారు. శాటిలైట్ బొమ్మ మిగతా సాక్ష్యాలకు తోడుగా పనికొస్తుంది గానీ వాటిని పక్కన పెట్టేసి దాని మీదే తేల్చెయ్యకూడదని రూల్స్‌లో స్పష్టంగా ఉంది. మోడు చెట్ల మధ్య గుంటలు గుంటలుగా చేసే పోడు ఆకాశం నుంచి చూస్తే అడవిలాగే కనపడొచ్చు.

2019 ఫిబ్రవరి 13న సుప్రీంకోర్టు, దరఖాస్తులు తిరస్కరించిన వాళ్లను అడవి నుంచి ఖాళీ చేయించమని రాష్ట్రాలకు ఉత్తర్వులిచ్చింది. ఆ రెండు వారాలూ ఏజెన్సీ పల్లెల్లో ఉన్న టెన్షన్ అంతా ఇంతా కాదు. ఫిబ్రవరి 28న కోర్టే ఆ ఉత్తర్వును నిలిపేసి, తిరస్కరణలు పద్ధతి ప్రకారం జరిగాయో లేదో చెప్పమని రాష్ట్రాలను అడిగింది. లక్షల మంది బతుకు తలకిందులయ్యేది ఈ ఒక్క ప్రశ్న దగ్గరే, కారణం చెప్పి తిరస్కరించారా లేదా అని.

2023 జూన్ 30న ఆసిఫాబాద్‌లో అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ పోడు పట్టాల పంపిణీ మొదలుపెట్టారు. లక్షన్నర మందికి నాలుగు లక్షల ఎకరాలకు పైగా అని ప్రభుత్వం ప్రకటించింది. పట్టా చేతికొచ్చిన ఇంట్లో ఆ సంతోషం నేను చూశాను, దాన్ని తక్కువ చెయ్యను. రైతుబంధు వచ్చింది, హద్దు ట్రెంచి కొట్టడానికి అటవీ శాఖ జేసీబీ వస్తుందేమోనన్న భయం తగ్గింది. పోడు రైతుల మీద కేసులు ఎత్తేస్తామని కూడా అప్పుడే అన్నారు. ఎత్తెయ్యాల్సిందే, కానీ నా విన్నపం ఒక్కటి. కేసు ఎత్తెయ్యండి, కాగితం మాత్రం చింపకండి. పాత రికార్డులు కాలం తీరిందని తీసేస్తే, ఇంకా పట్టా రాని వాళ్లకు ఉన్న ఆ ఒక్క ఆధారం కూడా పోతుంది. తీసేసే ముందు ప్రతి పేజీ స్కాన్ చేసి గ్రామ పంచాయతీకి ఇవ్వాలి.

పట్టాలంటే మనిషి పేరున వచ్చేవే అనుకుంటున్నారు అందరూ. ఊరంతటికీ కలిపి అడవి మీద వచ్చే సామూహిక హక్కు, తునికాకు, వెదురు, ఇప్పపువ్వు ఏరుకుని అమ్ముకునే హక్కు, అడవిని కాపాడుకునే హక్కు కూడా అదే చట్టంలో ఉన్నాయి. వాటి కోసం అడిగే ఊళ్లు తక్కువ, అడగొచ్చని చెప్పేవాళ్లు ఇంకా తక్కువ. 2025 మే చివర్లో కవ్వాల్ నుంచి మహారాష్ట్ర తడోబా వైపు పులుల దారి కోసం ఆసిఫాబాద్ జిల్లా అడవులను కన్జర్వేషన్ రిజర్వుగా ప్రకటిస్తూ జీవో 49 వచ్చింది, దానికి కుమ్రం భీం పేరే పెట్టారు. తమను అడగకుండా తమ వీరుడి పేరుతో తమ అడవి మీద గీత గీశారని ఆదివాసీలు రోడ్డెక్కితే జులైలో దాన్ని నిలిపేశారు. గ్రామసభలను ముందే అడిగి ఉంటే ఆ గొడవే ఉండేది కాదు.

భీం సంగతి ఎత్తాను కాబట్టి. 1940లో జోడేఘాట్‌లో నిజాం పోలీసులు ఆయన్ని చంపేశాక, అసలు గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవడానికి నిజాం సర్కారు హైమన్‌డార్ఫ్ అనే మానవ శాస్త్రవేత్తను పెట్టుకుంది. ఆయన తిరిగి, రాసి, చెప్పాక కొంతమందికి పట్టాలు వచ్చాయి, మార్లవాయిలో గోండీ బడి వచ్చింది. ముందు కాల్పులు, తర్వాత విచారణ, ఆ తర్వాత పట్టా. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో భూమి గురించి మీటింగు పెట్టుకోవడానికి వచ్చిన గోండుల మీద కాల్పులు జరిగాయి, చనిపోయింది 13 మంది అని సర్కారు, అంతకు ఎన్నో రెట్లు అని హక్కుల సంఘాలు. అమరుల స్తూపం దగ్గరికి వెళ్లడానికి కూడా ఏళ్ల తరబడి 144 సెక్షన్. 2024 ఫిబ్రవరిలో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి అక్కడికి వెళ్లి స్మృతివనానికి శంకుస్థాపన చేశారు. మంచిదే. స్మృతివనం కట్టినప్పుడు ఆ గోడ మీద చనిపోయిన వాళ్ల పేర్లన్నీ రావాలి, 13 దగ్గర ఆగిపోకూడదు. దానికీ మళ్లీ సాక్ష్యం కావాలి, ఊళ్లల్లో పెద్దవాళ్లు బతికుండగానే అడిగి రాసుకోవాలి.

మన వరంగల్ వాళ్లం మేడారం పోతాం. కరువులో కప్పం కట్టలేదని ఓరుగల్లు రాజు సైన్యం పంపితే పోరాడి పోయిన తల్లులని కథ చెప్పుకుంటాం, నిలువెత్తు బెల్లం ఇస్తాం, జంపన్న వాగులో మునుగుతాం. ఆ గద్దెల పూజారులైన కోయల పోడు దరఖాస్తు పక్క ఆఫీసులో ఎన్నేళ్లుగా ఉందో జాతరకు పోయినవాళ్లు ఒక్కసారి అడిగి తెలుసుకుంటే చాలు, అంతకంటే పెద్ద మొక్కు ఉండదు.

గుత్తికోయల గురించి రాయకపోతే తప్పు. ఛత్తీస్‌గఢ్‌లో మావోయిస్టులకు వ్యతిరేకంగా నడిచిన సల్వాజుడుం కాలంలో ఊళ్లు తగలబడి ఇటు వచ్చిన వాళ్లలో చాలామందికి 2005 గడువు సరిపోదు, ఇక్కడ ఎస్టీ సర్టిఫికెట్ కూడా రాదు. 2017లో తాడ్వాయి మండలం జలగలంచలో వాళ్ల గుడిసెలు కూల్చారు. వాళ్ల విషయంలో ఈ చట్టం చాలదు, రెండు రాష్ట్రాలూ కూర్చుని తేల్చాలి. ఊరే లేకుండా చేసి, ఊరి కాగితం తెమ్మంటే ఎక్కడి నుంచి తెస్తారు?

ఇక పని సంగతి. ఇది చదివేవాళ్లలో ఏజెన్సీలో టీచర్లు, ఆశా వర్కర్లు, డిగ్రీ చదివే పిల్లలు ఉంటారు, మీ ఇంట్లో, పక్కింట్లో అడగండి. 2005 ముందువి జుర్మానా రసీదులు, కోర్టు సమన్లు, బెయిల్ కాగితాలు, గొడ్డళ్లు, ఎడ్లు జప్తు చేసినప్పుడు ఇచ్చిన పంచనామాలు, ఏదున్నా బయటికి తియ్యండి. చిరిగిపోతుంటే మడత విప్పి ఫొటో తియ్యండి, రెండు వైపులా, ముద్ర కనపడేలా. ఒరిజినల్ ఎవరికీ ఇవ్వొద్దు, జిరాక్సే ఇవ్వండి. కాగితం పోయింది గానీ కేసు గుర్తుందంటే, ఏ ఏడాది, ఏ రేంజి అని రాసి, ఆ కాలం నాటి కేసుల రిజిస్టరు నకలు కోసం ఆర్టీఐ కింద 10 రూపాయలు కట్టి దరఖాస్తు పెట్టండి. దరఖాస్తు తీసుకున్నట్టు అటవీ హక్కుల కమిటీ రసీదు ఇవ్వాలి, అడిగి తీసుకోండి. పాత దరఖాస్తు ఏమైందో తెలియని వాళ్లు తిరస్కరణ ఉత్తర్వు నకలు కావాలని సబ్ డివిజన్ కమిటీకి రాతపూర్వకంగా రాయండి, మీ కాపీ మీద తీసుకున్నట్టు ముద్ర వేయించుకోండి. ఉత్తర్వే ఇవ్వలేదని వాళ్లు రాసిస్తే, అప్పీలు గడువు దాటిపోయిందనే మాట ఇక మీ మీద పనిచెయ్యదని వాదించొచ్చు.

తాడ్వాయి పెద్దాయన ఫైలు ఇంకా తేలలేదు. 1996 రసీదు జిరాక్సు, పక్క ఊరి పెద్దమనిషి ఇచ్చిన వాంగ్మూలం కలిపి అప్పీలు వేశాం.